కాలిని తన్నే బ్రేకు

ఆరోగ్య ఉపకేంద్రం, కొండ మీద నుంచి
సోమవారం

కార్ల కంపెనీ ఫిర్యాదుల శాఖలో ఈ ఉత్తరం ఎవరు విప్పితే వారికి నమస్కారం.

నేను కాన్పులు చేసే నర్సుని. ఈ కొండ మీద ఇప్పుడు బడికి వెళ్తున్న పిల్లల్లో చాలామంది మొదటి ఏడుపు నా చేతుల్లోనే ఏడ్చారు. ఇన్నాళ్ళూ ఒక పాత జీపు నడిపాను. దానికి గేరు మారిస్తే నేను బయల్దేరానని కొండంతటికీ తెలిసిపోయేది. అది ఇక లేవనని మొరాయిస్తే, ఈమధ్యే దాన్ని సాగనంపి కొత్త కారు తీసుకున్నాను.

కారు బాగుంది. సీట్లు మెత్తగా ఉన్నాయి. తలుపు వేస్తే చప్పుడు కూడా మర్యాదగా వస్తుంది. కానీ అందులో నేను కాక ఇంకెవరో కూర్చుని నడుపుతున్నారు. నా ఫిర్యాదు అదే.

తడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా తొక్కితే గర్రుమని అరిచి నా పాదాన్ని తిరిగి తంతుంది. మలుపులో కాస్త వేగంగా తిప్పితే నా కళ్ళ ముందే రెండు పాములు మెలికలు తిరుగుతూ కనబడి మాయమవుతాయి. ఇక బురద ఎత్తు ఎక్కేటప్పుడు మరీ ఘోరం. నేను యాక్సిలరేటరు తొక్కేకొద్దీ ఇంజను నీరుగారిపోతుంది. నేను ‘పద’ అంటే అది ‘ఆలోచిద్దాం’ అంటుంది. నొప్పులు పడుతున్న మనిషి ఆలోచిద్దాం అనదు కదా!

నా కారు నా మాటే వినాలి. మధ్యలో దూరిన ఆ మూడో చెయ్యి ఎవరిదో దాన్ని ఊడబీకించే మార్గం చెప్పండి. జవాబు రాకపోతే మళ్ళీ రాస్తాను. అప్పటికీ రాకపోతే మళ్ళీ రాస్తాను. ఇంట్లో కాగితాలకి కొదవ లేదు, నాకు ఓపికకీ లేదు.

ఇట్లు,
కొండ మీద అందరూ నర్సమ్మ అని పిలిచే మనిషి.

తా.క.: ముందు సీట్లోంచి వచ్చే కేకల సంగతి ఇందులో రాయలేదు. అవి మా ఆడపడుచువి. వాటిని నేను జీపు రోజుల నుంచీ భరిస్తున్నాను.

•

ఫిర్యాదుల శాఖ
శుక్రవారం

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

తమరి ఉత్తరం అందినది. తమకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. తమరు తెలిపిన అంశాలను మా శాఖ నిశితంగా పరిశీలించినది.

పాదమునకు తన్ను తగులుట గురించి: దయచేసి మడమ ఎత్తు లేని చెప్పులు వాడగలరు.

మూడవ చెయ్యి గురించి: ప్రయాణ సమయములో ముందు సీటులో కూర్చున్నవారు స్టీరింగును ముట్టుకొనుట నియమములకు విరుద్ధము. తమరి ఆడపడుచు గారికి ఈ విషయం సౌమ్యముగా తెలియజేయగలరు.

రెండు పాముల గురించి: ఇది మిక్కిలి ప్రమాదకరమైన విషయముగా భావించి, కంపెనీ తరపున అనుభవజ్ఞుడైన పాములు పట్టువానిని పంపుచున్నాము. అతడు వచ్చువరకు కారు అద్దములు మూసి ఉంచగలరు. తెరచి ఉంచవలెనా, మూసి ఉంచవలెనా అను విషయముపై మా శాఖలో భిన్నాభిప్రాయములు ఉన్నవి.

తమ విధేయుడు,
ఫిర్యాదుల అధికారి.

తా.క.: పాములు రెండూ ఒకే జాతివైనచో ఒకే సంచి సరిపోవునా అని అతడు అడుగుచున్నాడు. వెంటనే తెలుపగలరు.

•

కొండ మీద నుంచి
గురువారం

అధికారి గారికి,

మీ పాములాయన వచ్చాడు. చాలా పనిమంతుడు. వచ్చీరాగానే కారు సీట్లన్నీ ఊడదీసి వాకిట్లో పరిచాడు. నేను ఎంత చెప్పినా వినలేదు. “మీకు భయంగా ఉంటుందమ్మా, లోపలికి వెళ్ళండి. కంపెనీవాళ్ళు కాగితం రాసిచ్చారు, రెండు అని. రెండూ దొరకందే కదలను” అన్నాడు. సాయంత్రం దాకా వెతికాడు. దొరికినవి మా ఆడపడుచు దువ్వెన, ఒక గ్లవ్సు, నాలుగు వేరుశెనగ గింజలు. సీట్లు మళ్ళీ బిగించే పని తనది కాదని వెళ్ళిపోయాడు. నేనూ మా ఆడపడుచూ కలిసి బిగించాం. ఎడమ సీటు ఇప్పుడు కొంచెం కిటికీ వైపు చూస్తోంది.

అయ్యా, పాములు కారులో లేవు. స్టీరింగు వెనకాల, వేగం చూపించే ముల్లు పక్కన దీపాలు ఉంటాయి చూడండి, అందులో వెలిగే బొమ్మ అది. చిన్న కారు, దాని కింద మెలికలు తిరిగిన రెండు గీతలు. మీరు కార్ల కంపెనీలో పనిచేస్తున్నారు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు కారు చూసే ఉంటారనుకున్నాను.

ఇక మా ఆడపడుచు సంగతి. మీ ఉత్తరం ఆవిడ చదివింది. “నేను స్టీరింగు ముట్టుకున్నానని వాళ్ళకెవరు చెప్పారు వదినా? నువ్వేనా?” అని రెండు పూటలు అన్నం తినలేదు. మూడో పూట తిని, మళ్ళీ మొదలుపెట్టింది. ఆవిడ స్టీరింగు ముట్టుకోలేదు. మూడో చెయ్యి అని నేనన్నది కారు లోపల నాకు తెలియకుండా పనిచేస్తున్నదాన్ని.

నా చెప్పులకి మడమలు లేవు. ఎప్పుడూ లేవు.

వర్షాలు మొదలయ్యాయి. ఈ నెల నా చేతిలో ఉన్న కాన్పులు కొండకి రెండు వైపులా ఉన్నాయి. రోడ్డు ఒక్కటే. నాకు కావలసింది క్షమాపణ కాదు, నా కారులో ఏం జరుగుతోందో మనుషుల భాషలో ఒక జవాబు.

నర్సమ్మ

తా.క.: ‘సౌమ్యముగా తెలియజేయగలరు’ అన్నారు. మీకు ఆడపడుచు లేదని తెలిసింది.

•

ఫిర్యాదుల శాఖ
మంగళవారం

నర్సమ్మగారికి,

సిగ్గుతో రాస్తున్నాను. మా శాఖలో ఉత్తరాలకి అచ్చు వేసిన జవాబులు ఉంటాయి. వాటిలోంచి ఏరి అతికించడమే నా పని. మీ ఉత్తరానికి సరిపడే అచ్చు లేకపోతే సొంత తెలివి వాడాను. ఫలితం మీ వాకిట్లో తేలింది.

నేను కారు నడపను. నాకు రాదు. బస్సులో వస్తాను. అందుకని మీ ఉత్తరం పట్టుకుని, కార్లని నీళ్ళలోనూ బురదలోనూ తిప్పి చూసే పరీక్షల మైదానానికి వెళ్ళాను. అక్కడి పెద్దాయన ఉత్తరం చదివి పగలబడి నవ్వి, తర్వాత కుర్చీ లాగి కూర్చోబెట్టి చెప్పారు. నాకు అర్థమైనంత రాస్తున్నాను.

మొదట బ్రేకు. చక్రం తిరుగుతున్నంతసేపే కారు మీరు తిప్పినవైపు వెళ్తుంది. తడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా పడితే చక్రం బిగుసుకుపోతుంది. అప్పుడది చక్రం కాదు, సబ్బుబిళ్ళ. స్టీరింగు ఎటు తిప్పినా కారు మాత్రం తిన్నగా జారిపోతుంది. అందుకని ప్రతి చక్రం దగ్గరా ఒక చిన్న కాపలా పెట్టారు. చక్రం బిగుసుకోబోతోందని తెలియగానే బ్రేకు వదలాలి, వెంటనే మళ్ళీ పట్టాలి, మళ్ళీ వదలాలి. కంటిరెప్ప వాల్చి ఎత్తేలోపల ఇది ఎన్నోసార్లు జరగాలి. మీ పాదానికి తగిలే తన్ను, ఆ గర్రు చప్పుడు అదే.

ఇక పాములు. అవి టైర్లు జారిన జాడలట. మీరు స్టీరింగు ఎంత తిప్పారో కారుకి తెలుస్తుంది. తను నిజంగా ఎంత తిరిగిందో కూడా తెలుస్తుంది. రెండిటికీ పొత్తు కుదరకపోతే, అంటే వెనక భాగం పక్కకి ఈడ్చుకుపోతున్నా, ముక్కు మలుపు దాటి బయటికి పోతున్నా, నాలుగు చక్రాల్లో ఏదో ఒకదానికి మాత్రమే బ్రేకు వేసి కారుని మీరు చూపిన దారికి లాగుతుంది. ఆ పని జరుగుతున్నప్పుడే దీపం మిణుకుమంటుంది. అంటే పాములు కనబడ్డప్పుడు కారు చెడిపోయినట్టు కాదు, మిమ్మల్ని కాపాడుతున్నట్టు.

మూడోది, ఇంజను నీరుగారడం. చక్రం పట్టు దొరక్క ఉత్తినే గిర్రున తిరుగుతుంటే ఇంజను జోరు తగ్గించి, ఆ చక్రాన్ని కాస్త పట్టి ఉంచుతుంది.

కాబట్టి మూడో చెయ్యిని ఊడబీకడం కుదరదు. పెద్దాయన మాటల్లో చెప్పాలంటే, అది మీ చేతిని తోసేసే చెయ్యి కాదు, మీ చేతి కింద పట్టిన చెయ్యి.

మీ ఆడపడుచుగారికి నా క్షమాపణలు.

విధేయుడు,
ఫిర్యాదుల అధికారి

తా.క.: పాములు పట్టే అతను కంపెనీకి నివేదిక ఇచ్చాడు. ‘కారులో విషమున్న ప్రాణి ఏదీ లేదు. ఇంటి గురించి నేను చెప్పలేను’ అని రాశాడు. దీని భావం మా శాఖకి అర్థం కాలేదు.

•

కొండ మీద నుంచి
ఆదివారం

అధికారి గారికి,

భావం మా ఆడపడుచుకి వెంటనే అర్థమైంది. ఆ గొడవ తర్వాత రాస్తాను.

ముందు ఇది వినండి. నేను మీ మాట విన్నాను. ‘బ్రేకు వదలాలి, మళ్ళీ పట్టాలి, మళ్ళీ వదలాలి’ అన్నారు. నిన్న కోతమిల్లు దగ్గర దిగుడులో వాన పడుతోంది. అడ్డంగా మేకలు వచ్చాయి. బ్రేకు తొక్కాను, వదిలాను, తొక్కాను, వదిలాను. కంటిరెప్ప వాల్చి ఎత్తేలోపల ఎన్నోసార్లు అన్నారు కదా, అలా చేయడానికి నా కాలేమన్నా కుట్టుమిషనా? కారు ఆగలేదు. మేకలకి బుద్ధి ఉంది కాబట్టి పక్కకి తప్పుకున్నాయి. నేను తిన్నగా వెళ్ళి కోతమిల్లువాళ్ళ రంపపుపొట్టు గుట్టలో దూరాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కారుకి గీత కూడా పడలేదు. కానీ మా ఆడపడుచు తుమ్మడం ఇంకా ఆపలేదు.

అక్కడి నుంచి లాగించుకుని బయల్దేరితే, ఇటుకల బట్టీ వెనక బురదలో కూరుకుపోయాం. తొక్కుతుంటే ఇంజను మళ్ళీ నీరుగారింది. పాములు ఆడుతూనే ఉన్నాయి. మీరేమో అవి కనబడితే కాపాడుతున్నట్టే అన్నారు. ఆ బురదలో ఎవర్ని కాపాడుతోందో నాకు బోధపడలేదు. చివరికి సంచీ నెత్తిన పెట్టుకుని, మోకాళ్ళదాకా బురదలో నడిచి వెళ్ళాను. నేను గడప ఎక్కేసరికి బిడ్డ పుట్టేసింది. తల్లీబిడ్డా క్షేమం. కానీ నేను లేకుండా క్షేమం. ఈసారి అదృష్టం నా పని చేసింది. దానికి నేను జీతం ఇవ్వడం లేదు, ప్రతిసారీ రమ్మనడానికి.

కారు తాళంచెవి జేబులో వేసుకుని ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు ఒకటి అనుకున్నాను. ఈ కారుని నేను అర్థం చేసుకుని తీరతాను. కారు ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకపోయినా సరే. ఈ వానాకాలంలో మళ్ళీ ఏ ఇంటికీ ఆలస్యంగా వెళ్ళను.

కాబట్టి సరిగ్గా చెప్పండి. ఎవరు వదలాలి? ఎవరు పట్టాలి? మీ వాక్యంలో కర్త లేడు. చిన్నప్పుడు మా మాస్టారైతే కర్త లేని వాక్యానికి గోడకుర్చీ వేయించేవారు.

నర్సమ్మ

తా.క.: మీకు కారు నడపడం రాదని ముందే చెప్పడం మంచి పని. తర్వాత చెప్పుంటే అక్కడికే వచ్చేదాన్ని. నడిచి.

•

ఫిర్యాదుల శాఖ
బుధవారం

నర్సమ్మగారూ,

మీరు వదలకండి!

కారు వదులుతుంది. కారు పడుతుంది. మీరు మాత్రం బ్రేకు మీద కాలు పెట్టింది పెట్టినట్టే గట్టిగా అదిమి ఉంచాలి. అది తన్నినా, అరిచినా, వణికినా తీయకూడదు. మీరు కాలు తీస్తే, కారు వేయబోయిన బ్రేకునీ మీరే ఆపినట్టు. కర్త కారు. కర్త కారు. కర్త కారు. మా పై అధికారి చూడకుండా ఇదే వాక్యం నాకు నేను వందసార్లు రాసుకుంటున్నాను.

ఇంకో మాట. ఆ వ్యవస్థ ఉన్నది ముఖ్యంగా కారు తిరగడం కోసం. కాలు అదిమిపెట్టి, చేత్తో తప్పించుకునే దారి వైపు తిప్పండి. పొట్టు గుట్ట వైపు చూస్తే పొట్టు గుట్టలోకే వెళ్తారు. ఖాళీ ఉన్న వైపు చూడండి. వదులు కంకర మీద అయితే కారు ఆగడానికి మామూలుకన్నా కాస్త ఎక్కువ దూరం పట్టొచ్చు కాబట్టి ముందే నెమ్మదించాలి. టైర్లు అరిగిపోతే, వేగం మితిమీరితే మాత్రం ఏ చెయ్యీ కాపాడలేదని పెద్దాయన బల్ల గుద్ది చెప్పారు. బల్ల మీద ఉన్న నా టీ ఒలికింది.

బురద విషయంలో తప్పు మాదే. మీరే నిజం చెప్పారు. లోతు బురదలో చక్రం కాస్త గిర్రున తిరిగితేనే బయటపడుతుంది. అది తెలియక కారు జోరు తగ్గించేస్తుంది. అందుకే గేరు దగ్గరో స్టీరింగు పక్కనో అదే పాముల బొమ్మ వేసిన మీట ఒకటి ఉంటుంది. బురదలో దాన్ని నొక్కితే ఇంజనుని మీకే వదిలేస్తుంది. దీపం అప్పుడు మిణుకుమనదు, వెలుగుతూనే ఉంటుంది. గట్టినేల మీదికి రాగానే మళ్ళీ నొక్కాలి. మరచిపోకండి. బ్రేకు కాపలా మాత్రం మీట నొక్కినా పోదు.

ఇవన్నీ చదివి రాయలేదు. మళ్ళీ మీకు కర్త లేని వాక్యం పంపకూడదని, పెద్దాయన పక్కన కూర్చుని మైదానమంతా తిరిగాను. నీళ్ళు పోసిన నున్నటి బాట మీద బ్రేకు తొక్కి, “చూడు బాబూ, తిరుగుతోందా లేదా?” అని అడిగారు. కళ్ళు మూసుకున్నాను కాబట్టి చూడలేదు. “కళ్ళు తెరిచేదాకా తిప్పుతూనే ఉంటాను” అన్నారు. తెరిచాను. నిజంగానే తిరిగింది. తర్వాత ఆ కాపలా లేని పాత కారులో అదే బాట మీద తిప్పారు. అది తిరగలేదు. గడ్డిమోపుల్లోకి వెళ్ళింది. ఆ రెంటికీ తేడా నా కడుపుకి బాగా తెలిసింది.

ఎక్కడైనా ఖాళీ మైదానం చూసి, వాన పడ్డ రోజున మెల్లగా మొదలుపెట్టి సాధన చేయండి. కాలికి ఆ తన్ను అలవాటు కావాలి.

ఇట్లు,
ఫిర్యాదుల తమ్ముడు అనుకోండి

తా.క.: ఆరోజు మధ్యాహ్నం నేను తిన్నది పరీక్షల మైదానంలోనే ఉండిపోయింది. పెద్దాయన దాని చుట్టూ సుద్దగీత గీసి, ఆ రోజు మలుపు సాధనకి అదే గుర్తు అన్నారు.

•

కొండ మీద నుంచి
శనివారం

తమ్ముడికి దీవెనలు.

ఈ ఉత్తరం పొడుగ్గా ఉంటుంది. టీ దూరంగా పెట్టుకుని చదువు. నిన్ను ‘నువ్వు’ అనేస్తున్నాను, ఏమీ అనుకోకు.

ఇటుకల బట్టీవాళ్ళు ఇటుకలు ఆరబెట్టే మైదానం వానాకాలం ఖాళీగా ఉంటుంది. అక్కడ రోజూ పొద్దున్నే సాధన చేశాం. మా ఆడపడుచు ముందు సీట్లో కూర్చుని నీ ఉత్తరం పెద్దగా చదివేది, నేను తొక్కేదాన్ని. మొదటిరోజు పెడలు తన్నగానే పాదం దానంతటదే పైకి లేచింది. ఇన్నేళ్ళ జీపు అలవాటు ఊరికే పోతుందా? రెండోరోజూ అంతే. ఆవిడ “వదలకు వదినా!” అని అరవడం, నేను వదలడం. మూడోరోజు చెప్పు విప్పేసి, ఉత్త పాదంతో తొక్కాను. అప్పుడు తెలిసింది. అది తన్ను కాదు తమ్ముడూ, నాడి. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు వేళ్ళ మధ్య పట్టుకుంటే గుండె కొట్టుకునేది తెలుస్తుంది చూడు, అలా. నాడి అందుతుంటే నేను చెయ్యి తీస్తానా? ఆ తర్వాత మళ్ళీ కాలు తీయలేదు.

ఇక మొన్న జరిగింది. బేకరీవాళ్ళ కోడలికి తొలి కాన్పు. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే రక్తపోటు బాగా పెరిగి ఉంది. కళ్ళ ముందు మెరుపులు కనబడుతున్నాయంది. అలాంటప్పుడు ఇంట్లో కాన్పు చేయకూడదు, కింద పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. వెనక సీట్లో దాన్నీ అత్తగారినీ ఎక్కించి బయల్దేరాను. వాన కుండపోతగా ఉంది.

మెల్లగానే వెళ్తున్నాను. కొండ చివర మలుపు తిరిగేసరికి ఎదురుగా దుంగ. ఏదో కలప లారీలోంచి జారిపడి రోడ్డుకి అడ్డంగా ఉంది. ఎడమవైపు లోయ. కుడివైపు కొండవారన కారు పట్టేటంత సందు.

బ్రేకు అదిమాను. గర్రుమంది. తన్నింది. వెనక భాగం లోయ వైపు జరగడం నా నడుముకి తెలిసింది. అత్తగారు “అమ్మో!” అంది. మా ఆడపడుచు కళ్ళు మూసుకోలేదు. స్టీరింగు ముట్టుకోలేదు. నీ ఉత్తరం ఆవిడకి కంఠతా వచ్చేసింది. “వదలకు వదినా! దుంగని చూడకు! కుడివైపు చూడు, కుడివైపు!” అని ఒకటే అరుపు.

కుడివైపు చూశాను. తిప్పాను. పాములు మిణుక్కుమన్నాయి. ఎవరో వెనక నుంచి భుజం పట్టి సరిగ్గా నిలబెట్టినట్టు కారు సర్దుకుంది. దుంగ ఎడమ అద్దం పక్క నుంచి వెళ్ళిపోయింది. కొండవారన ఆగాం. అద్దం తుడిచే కర్రలు మాత్రం ఏమీ జరగనట్టు తమ పని తాము చేసుకుంటున్నాయి.

కారు ఆగింది గానీ బిడ్డ ఆగలేదు. “నర్సమ్మా, వచ్చేస్తోంది” అంది బేకరీ కోడలు. నేను వెనక్కి వెళ్ళాను, అత్తగారు వానలోకి దిగి గొడుగు పట్టింది, మా ఆడపడుచు టార్చి పట్టింది. కిటికీ వైపు తిరిగిన ఆ సీటు వల్ల కాళ్ళు చాపుకోవడానికి చోటు బాగా కలిసొచ్చింది. మీ పాములాయనకి చెప్పు. ఆడపిల్ల పుట్టింది. వాన చప్పుడుని మించి ఏడ్చింది.

అక్కడితో అయిపోలేదు. తల్లికి రక్తపోటు తగ్గలేదు. ఆసుపత్రికి చేరాల్సిందే. కింద వాగు పొంగి రోడ్డు మూసేశారు. పక్కన పొలాల బాట, అంతా బురదే. బాట మొదట్లో కారు ఆపి మీట నొక్కాను. దీపం వెలిగి నిలబడింది. “ఇప్పుడు నేను చెప్పినట్టు విను” అన్నాను కారుతో. చక్రాలు గిర్రున తిరిగాయి, బురద మా ఆడపడుచు కిటికీ నిండా కొట్టింది, కానీ కారు ఆగకుండా పాకుతూ పాకుతూ గట్టెక్కింది. రోడ్డు ఎక్కగానే “మీట వదినా, మీట!” అని ఆవిడే గుర్తుచేసింది. తల్లి ఇప్పుడు లేచి కూర్చుంటోంది. డాక్టరమ్మ, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్ని అంది.

నేను ఆలస్యం కాలేదు. అది చెబుదామనే ఇంత రాశాను.

నర్సమ్మక్క

తా.క.: బిడ్డకి పేరు ఇంకా పెట్టలేదు. మా ఆడపడుచు మాత్రం ‘ఆగనమ్మ’ అని పిలుస్తోంది. తల్లికి ఈ సంగతి ఇంకా తెలియదు. తెలిసేలోపు మంచి పేరేదైనా ఉంటే రాయి.

•

ఫిర్యాదుల శాఖ (ఇంకా ఎన్నాళ్ళో తెలియదు)
సోమవారం

అక్కయ్యగారికి,

మీ ఉత్తరం శాఖలో నిలబడి పెద్దగా చదివాను. ఎవరూ టీ ముట్టుకోలేదు. మా పై అధికారి కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకున్న వెంటనే ఆయనకి ఆలోచన వచ్చింది. అక్కడే కొంప మునిగింది.

మర్నాటికల్లా ఊరంతా పోస్టర్లు. ‘మా కారు తల్లినీ బిడ్డనీ కాపాడింది!’ అని అరచేయంత అక్షరాలు. మూడు కూడళ్ళలో గోడల నిండా అంటించారు. ఆయన జీవితంలో మొదటిసారి నా భుజం తట్టారు. మీ కారు ఫొటో కావాలని ఫొటోగ్రాఫరుని పంపారు. మీరు ఇంట్లో లేరట. ఆడపడుచుగారు కారు కడిగి, తుడిచి, పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు.

ఫొటో వచ్చింది. ఆడపడుచుగారు బాగా పడ్డారు. కారూ బాగా పడింది. దాని ముక్కు మీద కంపెనీ ముద్ర ఇంకా బాగా పడింది.

అక్కయ్యగారూ, అది మా కంపెనీ కారు కాదు.

మాకు ఎదురుగా, వీధి అవతల ఉన్న కంపెనీది. మా పై అధికారి వాళ్ళ గుమ్మం వైపు చూడాల్సి వస్తుందని కిటికీకి తెర వేయించుకున్న మనిషి. ఊరి గోడలన్నిటి మీదా వాళ్ళ కారుని తన ఖర్చుతో పొగిడానని తెలిసి ఆయన కుర్చీలో కూలబడి మంచినీళ్ళు అడిగారు. తర్వాత నన్ను అడిగారు. వేరే కంపెనీ వినియోగదారుకి వానాకాలమంతా పాఠాలు చెప్పినందుకు సంజాయిషీ రాసివ్వమన్నారు. విడిభాగాల గోదాముకి మారుస్తారట. అక్కడ ఉత్తరాలు రావు. నట్లు, బోల్టులు వస్తాయి.

నాకు కోపం లేదు. బిడ్డ పుట్టింది, తల్లి లేచి కూర్చుంది. బ్రేకు కాపలా ఏ కంపెనీ కారులోనైనా చేసే పని ఒకటే కాబట్టి నేను రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ ఒక్కటి అడగాలి. మీ కారు ఎవరిదో మీకు తెలియదా?

తమ్ముడు

తా.క.: పేర్ల పుస్తకం కోసం గ్రంథాలయానికి వెళ్ళాను. దారిలో మా పోస్టర్లు ఊడబీకుతున్నారు. గోడకి బాగా అతుక్కున్నాయి. ‘కాపాడింది’ అన్న మాట మాత్రం ఎంత గోకినా రావడం లేదు.

•

కొండ మీద నుంచి
శుక్రవారం

తమ్ముడికి,

నా కారు ఎవరిదో నాకు తెలియకపోవడం ఏమిటి? కొన్నదాన్ని నేనే కదా!

విషయం ఇది. మొట్టమొదట మా కంపెనీకే రాశాను. అచ్చు వేసిన కాగితం వచ్చింది, ‘మీ అభిప్రాయం మాకు అమూల్యం’ అని. మళ్ళీ రాశాను. అదే కాగితం మళ్ళీ వచ్చింది, ఈసారి రంగులో. అప్పుడు నేను కూర్చుని ఊళ్ళో ఉన్న కార్ల కంపెనీలన్నిటికీ ఒకే ఉత్తరం రాసి పడేశాను. ఎవరో ఒకరు జవాబు చెప్పకపోతారా అని. చెప్పింది నువ్వొక్కడివే. పాములాయన్ని పంపావు, నిజమే. కానీ మనిషిని పంపావు. మిగతావాళ్ళు కాగితం కూడా పంపలేదు. నా కంపెనీ ఏదో చెబితే నువ్వు రాయడం ఎక్కడ మానేస్తావో అని నేను నోరు మెదపలేదు. నేను వెనక్కి తగ్గే రకం కాదు. కాన్పులు నా కోసం ఆగవు.

నీ గోదాము సంగతి చదివి ఊరుకోలేదు. నీ ఉత్తరాలన్నీ కాపీలు తీయించి మా కంపెనీ పెద్దలకి పంపి, ‘ఇలా రాయగలిగినవాడు మీ దగ్గర ఒక్కడైనా ఉన్నాడా?’ అని అడిగాను. ఈసారి అచ్చు కాగితం రాలేదు. చేత్తో రాసిన జవాబు వచ్చింది. ‘లేడు. ఆయన మా దగ్గరికి వస్తాడా?’ అని. కొత్తగా కారు కొన్న ప్రతివాళ్ళకీ ఇలా ఉత్తరాలు రాయడానికి ఒక శాఖే పెడతారట.

ఆ జవాబుకి కూడా కాపీ తీయించి మీ పై అధికారి గారికి పంపాను, ఆయన కిటికీ తెర తీసి చూడొచ్చని. నిన్ననే ఆయన ఫోను చేశారు. “అమ్మా, వాళ్ళకి అప్పుడే ఏమీ చెప్పకండి, అతన్ని నేను గోదాముకి పంపడం లేదు” అన్నారు. నేను ఏమీ మాట ఇవ్వలేదు. వీధికి ఇటు ఉంటావో, అటు వెళ్తావో నీ ఇష్టం. ఎటు వెళ్ళినా నీ సొంత మాటల్లో రాయనిస్తామని ముందు కాగితం మీద రాయించుకో. ఆ తర్వాతే సంతకం పెట్టు.

అన్నట్టు, నువ్వు కూడా కారు నేర్చుకో. బురదలో నడవడం బాగా చేతకాకపోతే నేర్చుకోక తప్పదు. సెలవు చూసుకుని ఇక్కడికి రా, ఇటుకల మైదానం ఖాళీగానే ఉంది. మధ్యాహ్నం భోజనం మాత్రం కారు దిగాక పెడతాను.

దీవెనలతో,
అక్క

తా.క.: మా ఆడపడుచుకి నిన్ననే లైసెన్సు వచ్చింది. ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చుని నేర్చుకున్నదంతా ఈరోజు ఒక్కతే చేసి చూపిస్తానని పట్టుబట్టింది. ఈ ఉత్తరం పోస్టు చేయడానికి కారు తీసుకుని ఆవిడే వెళ్తోంది. బయట వాన పడుతోంది. ఉత్తరం నీకు అందితే, ఆవిడ కాలు తీయలేదన్నమాట.